దినాల నాడు అడిగిన ప్రశ్న

చావు జరిగిన ఇంట్లో పెళ్లి మాట రావడానికి ఎంతోసేపు పట్టదు. పోయినాయన మంచితనం గురించి కాసేపు, ఆస్పత్రి ఖర్చుల గురించి కాసేపు మాట్లాడుకుంటారు. ఆ తర్వాత అందరి కళ్లూ పెళ్లికాని కొడుకు మీదికి మళ్లుతాయి. "కొడుకు లగ్గం చూడకుండనే పాయె" అని ఒకామె శోకం పెడుతుంది. "ఏడాది తిరగకముందే చెయ్యాలె" అని ఒక పెద్దమనిషి లెక్క చెబుతాడు. తండ్రి పోయిన దుఃఖంలో తలవంచుకుని కూర్చున్న ఆ పిల్లవాడు ఏం జవాబు చెబుతాడు? ఏదీ చెప్పడు. మన ఇళ్లలో ఆ మౌనాన్ని ఒప్పుకోలు కిందే లెక్కేస్తారు.

'సాబర్ బోండా' అనే మరాఠీ సినిమా మొత్తం ఈ మౌనం చుట్టూ తిరుగుతుంది. రోహన్ పరశురామ్ కనవడే తీసిన ఈ సినిమా 2025 జనవరిలో అమెరికాలోని సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ప్రపంచ సినిమా విభాగపు గ్రాండ్ జ్యూరీ బహుమతి అందుకుంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో మన థియేటర్లకు వచ్చింది. దేశంలో దీన్ని విడుదల చేసింది మన తెలుగు నటుడు రానా దగ్గుబాటి సంస్థ స్పిరిట్ మీడియా. హైదరాబాద్‌లో నేను చూసిన ఆటకు ఇరవై మంది కూడా లేరు.

కథ చిన్నది. ముంబైలో కాల్ సెంటర్ ఉద్యోగం చేసుకునే ఆనంద్ ముప్పై దాటినవాడు. తండ్రి చనిపోతే తల్లితో కలిసి సొంతూరికి వస్తాడు. పది రోజులు దినాలు పాటించాలి. ఏం తినాలో, ఎట్లా ఉండాలో, ఎక్కడికి పోకూడదో అన్నీ బంధువులు చెబుతుంటారు. మధ్యమధ్యలో అదే ప్రశ్న వస్తుంది: పెళ్లెప్పుడు? ఆ ఊళ్లోనే చిన్ననాటి స్నేహితుడు బాల్యా ఉంటాడు. మేకలు, పొలం అతని బతుకు. అతను కూడా ఇంట్లోవాళ్లు తెచ్చే సంబంధాలను ఏదో ఒక సాకుతో తప్పించుకుంటున్నాడు. చిన్నప్పటి చనువు ఆ పది రోజుల్లో మెల్లగా మళ్లీ చిగురిస్తుంది. సినిమా పేరుకు అర్థం నాగజెముడు పండు. పైన ముళ్లు, లోపల ఎర్రటి తీపి. బాల్యా దాన్ని ఆనంద్ కోసం తెస్తాడు. వెనక సంగీతం లేదు, కెమెరా పరుగులు లేవు. ముగింపు చెప్పను, చూడండి.

సినిమా చూస్తున్నంతసేపూ నన్ను నేను వెతుక్కున్నాను. నేను ఆనంద్‌ని కాదు. బాల్యానూ కాదు. ఆ గుంపులో కూర్చుని "పెళ్లెప్పుడు" అని అడిగే బంధువుని నేను. సినిమా గురించి కన్నా ఈ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

2010లో నేను ఒక యూనివర్సిటీ హాస్టల్లో ఉండేవాణ్ని. అంబేద్కర్ విద్యార్థి సంఘంలో పనిచేసేవాణ్ని. నా గదిలోనే ఉండే ఒక జూనియర్ కుర్రవాడు సంఘంలో నాకు కుడిభుజం. మాది నల్లగొండ జిల్లా, అతనిదీ అదే. ఇద్దరం మాదిగవాడ పిల్లలం. అతన్ని ఇక్కడ తమ్ముడనే అంటాను. ఈ ముచ్చట రాయడానికి తమ్ముడు ఒప్పుకున్నాడు. పేరూ, ఊరూ వద్దన్నాడు.

ఏప్రిల్ 14 జయంతి సభకు ముందు రోజు రాత్రి. ఇద్దరం నేల మీద కూర్చుని బ్యానర్ రాస్తున్నాం. "అన్నా, నీకొక ముచ్చట చెప్పాలె. ఎవ్వలకు చెప్పలే" అన్నాడు. వాళ్ల ఊళ్లో పదో తరగతి దాకా తనతో చదివిన అబ్బాయి ఉన్నాడనీ, వాడంటే తనకు ప్రేమనీ, అమ్మాయిల మీద తనకు ఆ మనసు ఎన్నడూ రాలేదనీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ కుంచె వదల్లేదు. బ్యానర్ మీది అక్షరాలనే చూస్తూ చెప్పాడు.

నేను వెక్కిరించలేదు. ఆ మాట చెప్పుకుని చాలా ఏళ్లు గర్వపడ్డాను కూడా. కానీ ఏమన్నానో బాగా గుర్తుంది. "మనకు ముందు కుల నిర్మూలన ఉందిరా. ఇవన్నీ తర్వాత. లగ్గమైతే అదే సర్దుకుంటది." తమ్ముడు "సరే అన్నా" అన్నాడు. తెల్లారి సభలో ఎప్పటిలాగే కుర్చీలు వేశాడు.

రెండేళ్లకు తమ్ముడి తండ్రి చనిపోయాడు. దినాలకు వెళ్లాను. పిట్టకు పెట్టి అందరూ వచ్చి చెట్టు కింద కూర్చున్నారు. వాళ్ల మేనమామ మొదలుపెట్టాడు: "పిల్లను చూసినం, వీడేమో మాట్లాడడు." అందరూ నా వైపు తిరిగారు. చదువుకున్నవాణ్ని, సంఘం పెద్దని, వాడు నా మాట వింటాడని వాళ్ల నమ్మకం. నేను గుండు చేయించుకుని కూర్చున్న తమ్ముడి భుజం మీద చెయ్యేసి అడిగాను: "ఇగ ఆలస్యమెందుకురా? అమ్మ ఒక్కతే అయింది." వాడి నిజం తెలిసిన ఒకే ఒక్కడిని నేను. ఆ గుంపులో వాడికి అండగా నిలబడగలిగిన ఒకే ఒక్కడినీ నేనే. మిగతా వాళ్లు తెలియక అడిగారు. నేను తెలిసి అడిగాను.

2013లో పెళ్లయింది. రెండేళ్లు గడవకముందే ఆ అమ్మాయి పుట్టింటికి వెళ్లిపోయింది. కులపెద్దలు కూర్చున్నారు. నాలో ఏం లోపముందో చెప్పమని ఆమె అందరి ముందూ అడిగిందట. ఎవరూ చెప్పలేకపోయారు. నిజానికి ఆమెలో ఏ లోపమూ లేదు. మా అందరి అబద్ధానికీ వెల కట్టింది ఆమె. ఈ కథలో నేను అన్యాయం చేసింది తమ్ముడొక్కడికే కాదు.

మమ్ముట్టి, జ్యోతిక నటించిన మలయాళ సినిమా 'కాదల్ ది కోర్' 2023లో వచ్చింది. జియో బేబీ తీశాడు. ఆ సినిమా చూసినప్పుడు నాకు ఆ అమ్మాయే గుర్తొచ్చింది. చర్చికి పోయే మర్యాదస్తుడైన మాథ్యూ పంచాయతీ ఉప ఎన్నికలో నిలబడతాడు. సరిగ్గా అప్పుడే భార్య ఓమన విడాకులకు కోర్టుకెక్కుతుంది. తన భర్త స్వలింగ ప్రేమికుడని, ఇరవై ఏళ్ల కాపురంలో ఇద్దరూ నలిగిపోయారని ఆమె చెబుతుంది. ఆమె చేతిలో ఉన్నది కక్ష కాదు. ఇద్దరికీ విడుదల కావాలన్న పట్టుదల. కొడుక్కి బలవంతంగా పెళ్లి చేసిన తండ్రి చివరికి తన తప్పు ఒప్పుకుంటాడు. మాథ్యూ ప్రేమించిన తంకన్ డ్రైవింగ్ నేర్పుకుని బతికే మామూలు మనిషి. ఊరి వెక్కిరింతలన్నీ ముందు పడేది అతని మీదే. పరువున్న ఇంటి గోడల వెనక మాథ్యూ దాక్కోగలడు. తంకన్‌కు ఆ గోడలు లేవు. ఈ తేడాను మన పాఠకులు వెంటనే పట్టుకుంటారు.

'తేడా' అన్న మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మన తెలుగులో ఇలాంటి మనుషుల్ని తిట్టడానికి వాడే మాట అదే. "వాడు తేడా రా." మన సినిమాల్లో ఎన్నిసార్లు ఈ మాటతో నవ్వించలేదు? ఆడనడక నడిచే మగవాణ్ని చూపిస్తే చాలు, కామెడీ ట్రాక్ అయిపోయినట్టే. మనిషి పుట్టుకను పట్టుకుని తిట్టు తయారుచేయడం మనకు కొత్త కాదు. మన కులాల పేర్లే ఈ దేశంలో తిట్లు. ఆ నొప్పి ఏమిటో తెలిసిన మనం, మన హాస్టళ్లలో, మన మీటింగుల పక్కన టీకొట్టు దగ్గర ఇంకొకడిని 'తేడా' అని నవ్వాం. నేనూ నవ్వాను.

ఇంతకీ ఆనంద్ పెళ్లి మీద ఊరందరికీ అంత పట్టుదల దేనికి? ప్రేమ కొద్దీ అనుకుంటాం. కొంత నిజమే. కానీ బాబాసాహెబ్ 1916 మేలో కొలంబియా యూనివర్సిటీలో చదివిన 'భారతదేశంలో కులాలు' అనే పరిశోధనా వ్యాసాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. అప్పటికి ఆయన వయసు 25. కులానికి ప్రాణం ఎక్కడుందని వెతికి, అది స్వకుల వివాహంలో ఉందని తేల్చారు. కులం కులంగా మిగలాలంటే లోపలి ఆడ మగ లెక్క సరిపోవాలి. ప్రతి మగవాడికీ లోపలే ఒక స్త్రీ, ప్రతి స్త్రీకీ లోపలే ఒక మగవాడు. భర్త చనిపోతే స్త్రీ 'మిగిలిపోతుంది'. భార్య చనిపోతే మగవాడు 'మిగిలిపోతాడు'. మిగిలినవాళ్లు గీత దాటితే కులం కూలుతుంది. అందుకే సతి, బలవంతపు వైధవ్యం, బాల్య వివాహం పుట్టాయని ఆయన చూపించారు.

బాబాసాహెబ్ ఆ వ్యాసంలో స్వలింగ ప్రేమ ఊసెత్తలేదు. ఇక్కడి నుంచి చెప్పేది నా అన్వయం. ఆడ మగ లెక్క తప్పకూడదన్న వ్యవస్థకు భర్త పోయిన స్త్రీ ఎంత ప్రమాదమో, పెళ్లే వద్దన్న మగవాడూ అంతే ప్రమాదం. పెళ్లే వద్దన్న స్త్రీ ఇంకా ప్రమాదం. వాళ్లు కులం బయట పెళ్లి చేసుకోకపోవచ్చు. కానీ ఆ లెక్కలోకే రామంటున్నారు. అందుకే వాళ్లను కూడా ఏదో ఒక గడిలో కూర్చోబెట్టాలి. దినాల నాడు చెట్టు కింద అడిగిన ఆ ప్రశ్న మేనమామది మాత్రమే కాదు. ఆయన నోటితో కులం అడిగింది. అంబేద్కరిస్టునని చెప్పుకున్న నా నోటితో కూడా కులమే అడిగింది.

ఇక విశ్వాసం సంగతి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో శ్రాద్ధం పెట్టను, పిండదానం చేయను అన్నది కూడా ఉంది. అది చదువుకున్న కళ్లతో 'సాబర్ బోండా' చూస్తే మొదట్లో చిరాకేస్తుంది. ఈ చదువుకున్న కుర్రవాడు ఆ నియమాలన్నింటికీ ఎందుకు తలవంచుతున్నాడు? పోను పోను అర్థమైంది. అతను తలవంచింది ఆచారానికి కాదు, తండ్రికి. ఆ తండ్రి కొడుకు మనసు తెలిసినవాడు, కాదనని వాడు. తల్లికీ తెలుసు. బంధువుల ముందు కొడుకును కాపాడటానికి ఆమె అబద్ధాలు కూడా ఆడుతుంది. దర్శకుడు కనవడే ముంబై బస్తీలో ఒక్క గది ఇంట్లో పెరిగినవాడు. తన తండ్రి చనిపోయినప్పుడు సొంతూళ్లో దినాలకు కూర్చుని, పెళ్లి ప్రశ్నలు ఎదుర్కొన్న అనుభవం నుంచే ఈ కథ పుట్టిందని ఆయనే చెప్పారు. ఆయన్ను కూడా తల్లిదండ్రులు ఉన్నవాణ్ని ఉన్నట్టుగా ఒప్పుకున్నారు. కడుపు నిండా ఇంగ్లీషు చదువులున్న ఇళ్లలో దొరకని ఆదరణ ఒక బస్తీ గదిలో దొరికింది.

అందుకని ఆచారాలు మంచివని నేను అనను. ఆ పది రోజుల నియమాలు ఒక మనిషి దుఃఖాన్ని ఊరుమ్మడి సొత్తు చేస్తాయి. ఎవరు ఏడవాలి, ఎప్పుడు ఏడవాలి, తర్వాత ఏం చెయ్యాలి అన్నీ ముందే రాసిపెట్టి ఉంటాయి. ఆ సందులోంచే పెళ్లి ప్రశ్న లోపలికొస్తుంది. కానీ ఆచారాన్ని వదిలేసినంత మాత్రాన మనిషి మారడనడానికి నేనే సాక్ష్యం. ప్రతిజ్ఞలు తీసుకున్నాను. మా ఇంట్లో శ్రాద్ధం లేదు. నోట్లో మాత్రం అదే ప్రశ్న ఉంది.

'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ మతానికీ ధమ్మానికీ తేడా చెబుతారు. మతం మనిషి సొంత వ్యవహారం అంటారు. ధమ్మం మనిషికీ మనిషికీ మధ్య ఉండాల్సిన సరైన నడవడి. ఒంటరి మనిషికి ధమ్మంతో పని లేదు, ఇద్దరున్న చోట అది తప్పదు. కరుణ కన్నా విశాలమైనది మైత్రి. ఈ కొలతతో చూస్తే ఆ ఊళ్లో ధమ్మం ఎవరిది? నియమాలు లెక్కపెట్టిన బంధువులదా? స్నేహితుడి కోసం ముళ్ల పండు వెతికి తెచ్చిన బాల్యాదా?

తమ్ముడు బౌద్ధం తీసుకోలేదు. వాళ్లమ్మతో పాటు చర్చికి పోతాడు. పెళ్లి చెడిపోయాక ఇంట్లోవాళ్లు ఒక పాస్టర్‌ను పిలిపించి దయ్యం వదిలించే ప్రార్థన చేయించారట. అయినా ఆదివారం సాయంత్రం వెనక బల్ల మీద కూర్చుంటాడు. అంత జరిగాక కూడా ఎందుకు పోతావని ఒకసారి కాస్త కోపంగానే అడిగాను. "దేవుడు నన్నేమనలేదన్నా. అన్నది మనుషులే" అన్నాడు. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. కానీ ఆ మాటకు నా దగ్గర జవాబూ లేదు. మాథ్యూ కూడా చివరిదాకా దేవుణ్ని వదలడు. విశ్వాసాన్ని వదిలితేనే విముక్తి అని షరతు పెట్టడానికి మనమెవరం? షరతు పెట్టాల్సింది విశ్వాసం పేరుతో మనుషుల్ని విరిచేవాళ్లకు.

ఇప్పుడు మనవాళ్లు అనే మాటకొస్తాను. "ఇదంతా నగరాల్లో అగ్రకుల పిల్లల గోల. మనకు తిండి, భూమి, రిజర్వేషన్ ముఖ్యం." ఇది నేనే ఎన్నో వేదికల మీద అన్న మాట. 2023లో స్వలింగ వివాహాల కేసులో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు ఏం చెప్పిందో తెలుసా? ఇవి పట్టణ ఉన్నత వర్గాల అభిప్రాయాలని. మన నోటి మాటా, వాళ్ల నోటి మాటా ఒకటే అయినప్పుడు మనం ఆగి ఆలోచించాలి. ఆ కేసులో మొదట కోర్టుకెళ్లిన వాళ్లలో ఒక హైదరాబాద్ జంట ఉంది. 2023 అక్టోబర్ 17న అయిదుగురు జడ్జీల ధర్మాసనం పెళ్లి ప్రాథమిక హక్కు కాదని తేల్చింది, చట్టం చేసే పని పార్లమెంటుదేనంది. అయితే అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ తన తీర్పులో ఈ 'ఉన్నత వర్గాల' వాదనను తోసిపుచ్చారు. ఇంగ్లీషు మాట్లాడే ఉద్యోగస్తుడే కాదు, ఊళ్లో పొలం పని చేసే స్త్రీ కూడా క్వీర్ కావచ్చునన్నారు. మేకలు కాసే బాల్యా ఆ మాటకు బొమ్మ కట్టినట్టు ఉంటాడు.

అవతలి వైపు లోపం లేదనడం లేదు. ఉంది, పెద్దదే ఉంది. నీరజ్ ఘైవాన్ 2021లో తీసిన 'గీలీ పుచ్చీ' చూడండి. 'అజీబ్ దాస్తాన్స్' సంకలనంలో ఒక భాగమది. భారతి మండల్ ఫ్యాక్టరీలో మిషన్ మీద పనిచేసే దళిత స్త్రీ. చదువు ఉన్నా ఆఫీసు కుర్చీ ఆమెకు దక్కదు. కొత్తగా వచ్చిన బ్రాహ్మణ యువతి ప్రియా శర్మకు దక్కుతుంది. ఇద్దరి మధ్యా ప్రేమ మొలుస్తుంది. భారతి కులం తెలిసిన క్షణాన ప్రియ వెనక్కి తగ్గుతుంది. ఆడదాన్ని ప్రేమించగలిగిన మనసు కూడా కులాన్ని దాటలేకపోయింది. ప్రైడ్ ఊరేగింపుల్లో మన పిల్లలకు ఎదురయ్యేది ఇదే. భాష రాకపోతే చులకన, ఇంటిపేరు తెలిస్తే మౌనం. ట్రాన్స్ మనుషులకు కులం వారీగా సమాంతర రిజర్వేషన్ కావాలని తమిళనాడు దళిత ట్రాన్స్ ఉద్యమకారిణి గ్రేస్ బాను ఏళ్లుగా పోరాడుతున్నది ఇందుకే. అందరినీ ఒకే గంపలో వేస్తే అందులోనూ అడుగున మిగిలేది మనవాళ్లే.

అక్కడ కులం ఉందని మనం వదిలేసి వస్తే, ఇక్కడ ప్రేమ గురించి నోరెత్తనివ్వకపోతే, తమ్ముడు ఎక్కడికి పోవాలి?

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ కోరల్ని పీకింది. 1860 నాటి తెల్లవాళ్ల చట్టం అది. ఇష్టపడి దగ్గరైన ఇద్దరు పెద్దవాళ్లను నేరస్తుల్ని చేసిన ఆ సెక్షన్‌ను కొట్టేయడానికి జడ్జీలు ఆశ్రయించింది రాజ్యాంగ నైతికతను. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ముందుకు తెచ్చిన భావన అది. అది పుట్టుకతో వచ్చేది కాదని, పట్టుబట్టి అలవరచుకోవాలని ఆయన హెచ్చరించారు. ఆ తీర్పు వచ్చిన రోజు నేను దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. సరిగ్గా ఎనిమిది రోజులకు, సెప్టెంబర్ 14న, మా జిల్లా మిర్యాలగూడలో ప్రణయ్‌ను నరికి చంపారు. కులం దాటి ప్రేమించాడని, గర్భిణి అయిన భార్య కళ్ల ముందే. మేం రోడ్డెక్కాం. రాత్రంతా ప్లకార్డులు రాశాం. 'ప్రేమించడం నేరం కాదు' అని రాసింది నేనే.

పోయిన సెప్టెంబర్‌లో సినిమాకు టికెట్లు కొని నన్ను పిలిచింది తమ్ముడే. ఆట అయిపోయాక బయట టీ తాగుతుంటే చెప్పాడు. "అన్నా, మిర్యాలగూడల నువ్వు రాసిన ప్లకార్డు నేనే పట్టుకున్న. దినమంతా పట్టుకునే ఉన్న. అది నాకు కూడా వర్తిస్తదో లేదో నిన్ను అడుగుదామనుకున్న. అడగలే."

నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. ఏడేళ్లు ఆ ప్రశ్నను లోపలే మోశాడు. అడగలేకపోయింది వాడి పిరికితనం వల్ల కాదు. అడిగితే నేను ఏమంటానో వాడికి తెలుసు కాబట్టి. "ఇవన్నీ తర్వాత" అన్న నా మాట 2010 నుంచి వాడి చెవుల్లో ఉంది. ఆ 'తర్వాత' అన్న మాటే మనకు ఎంతమంది చెప్పారో గుర్తుందా? స్వాతంత్ర్యం ముందు, కులం తర్వాత అన్నారు. వర్గం ముందు, కులం తర్వాత అన్నారు. స్త్రీల హక్కుల కోసం హిందూ కోడ్ బిల్లు తెస్తే అది తర్వాత అన్నారు. 1951లో బాబాసాహెబ్ మంత్రి పదవికి రాజీనామా చేయడానికి ఆ బిల్లును పక్కన పెట్టడం ఒక ముఖ్య కారణం.

'తర్వాత' అనడం ఆయన పద్ధతి కాదనడానికి ఇంకో ఉదాహరణ ఉంది. రఘునాథ్ ధోండో కర్వే అనే సంస్కర్త 'సమాజ్ స్వాస్థ్య' అనే మరాఠీ పత్రిక నడిపేవాడు. లైంగిక విషయాల మీద పాఠకుల ప్రశ్నలకు సిగ్గు, భయం లేకుండా జవాబులిచ్చేవాడు. ఛాందసులు అశ్లీలమని కేసు పెట్టారు. 1934లో బొంబాయి హైకోర్టులో కర్వే తరఫున నిలబడి వాదించిన లాయరు బాబాసాహెబే. పూనా ఒడంబడిక జరిగి రెండేళ్లు కాలేదు. భుజాల మీద కోట్ల మంది బరువున్న కాలం. ఇది మనకెందుకులే అనుకుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన అనుకోలేదు. కేసు ఓడిపోయారు. ఓడిపోతానన్న భయంతో పక్కకు తప్పుకోలేదు.

కాబట్టి నా తోటివాళ్లకు చెప్పేది ఇంతే. మన సంఘాల్లో, మన హాస్టళ్లలో ఎవరైనా వచ్చి ఇలాంటి మాట చెబితే "లగ్గమైతే సర్దుకుంటది" అనొద్దు. అది సలహా కాదు, ఇద్దరి జీవితాలకు వేసే శిక్ష. మన ఇంటి దినాల్లో, పెళ్లిళ్లలో, జయంతి సభల తర్వాత భోజనాల దగ్గర ఆ ప్రశ్న వచ్చినప్పుడు, తెలిసినవాళ్లం అడ్డం పడాలి. 'తేడా' అన్న మాట మన నోటి నుంచి పోవాలి. 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ చట్టంలో 30 రోజుల నోటీసు కులాంతర జంటల మెడ మీద కత్తి అని కొట్లాడుతున్నాం కదా. ఆ చట్టం తలుపే తమకు తెరవమంటున్న వాళ్లు మన పక్కవాళ్లే. కులం గీసిన గీత లోపల పెళ్లి చేసుకోవాల్సిందే అన్నవాళ్ల మీద మనది ఒకే పోరాటం.

తమ్ముడి పాత స్నేహితుడు ఇప్పుడు వరికోత మిషన్ నడుపుతాడు. అతనూ పెళ్లి చేసుకోలేదు. తండ్రి దినాల నాడు కట్టెలు మోసింది, పందిట్లో నీళ్లు పోసింది అతనేనని తమ్ముడు చెబితే గుర్తొచ్చింది. ఆ రోజు అతన్ని నేను చూశాను. ఎవరో పనిమనిషి అనుకున్నాను. టీ గ్లాసు కింద పెట్టి, "మీరిద్దరూ ఇప్పుడు..." అని ఏదో అడగబోయి ఆగిపోయాను. నాకు చెప్పాలనిపించినప్పుడు వాడే చెబుతాడు. పదిహేనేళ్ల కింద బ్యానర్ రాస్తూ వాడు అడిగిన దానికి మాత్రం ఆ రోజు జవాబిచ్చాను.

"ఆ ప్లకార్డు నీకోసం కూడా రాసిందే తమ్మీ. అప్పుడు నాకు తెల్వలే."

జై భీమ్.